సవరణ: బూడిదరంగు మీటలు చూసి స్పెక్ట్రమ్ ‘ఇష్యూ 1’ అనుకోవద్దు

సింక్లెయిర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే ఇంటి కంప్యూటర్ (1982) మీద పెట్టిన పోస్టులో ‘లేత బూడిద మీటలుంటే ఇష్యూ 1’ (అంటే లోపలి సర్క్యూట్ బోర్డు మొదటి రకం) అని ఉంది. అది మొదటి ఆనవాలు మాత్రమే. రబ్బరు మీటల పరుపు ఒకదాన్నుంచి ఇంకోదానికి ఇట్టే మారుతుంది. ధర కట్టాల్సింది బోర్డుకి.

బరంపురం, పర్లాకిమిడి పాతసామాన్ల కొట్లలో స్పెక్ట్రమ్ ప్లస్ (కొత్త డొక్కుతో తర్వాత వచ్చిన మోడల్) దొరికినా అంతే. పాత బోర్డును ప్లస్ డొక్కులోకి ఎక్కించే కిట్‌ను సింక్లెయిరే అమ్మింది. డొక్కు కొత్తది, లోపల ఇష్యూ 2 ఉండొచ్చు.

కరెంటు పెట్టేముందు అడాప్టర్ చూడండి: లేబుల్ మీద 9 వోల్టులు, 1.4 ఆంపియర్లు ఉండాలి, పిన్ను మధ్యభాగం నెగటివో కాదో మల్టీమీటర్‌తో తేల్చుకోండి. బజారులో దొరికేవి ఎక్కువగా మధ్య పాజిటివ్, అవి పెడితే బోర్డు పాడవుతుంది.

ఆన్ అయితే ఈ లైను కొట్టి రన్ చేయండి:

10 ప్రింట్ ఎట్ 0,0; ఇన్ 254: గో టు 10

క్యాసెట్ తీగ పీకేసి, ఎంటర్ మీద వేలు తీశాక అంకె చూడాలి. మీట నొక్కి ఉంటే లెక్క తప్పుతుంది. 255 అయితే ఇష్యూ 1 లేదా 2. 191 అయితే 3 లేదా ఆ తర్వాతది.

1, 2 తేడా తేలాలంటే విప్పాల్సిందే. రబ్బరు మీటల మోడల్‌కు అడుగున 5 స్క్రూలు. పైమూత ఒక్కసారిగా లేపారో, కీబోర్డు పొర తాలూకు రెండు పట్టీలు తెగుతాయి (ఏళ్లకి అవి అప్పడంలా పెళుసెక్కుతాయి). కాస్త ఎత్తి, పట్టీలను నిటారుగా పైకి లాగండి. ఇష్యూ నంబరు బోర్డు మీదే అచ్చయి ఉంటుంది.