ఏకాంతం మీద ఊరుమ్మడి హక్కు

మన పల్లెల్లో ఏకాంతం పూర్తిగా అంతరించిపోయిందన్న చేదు నిజాన్ని బాధ్యత గల పౌరుడిగా నలుగురి దృష్టికీ తేవలసిన సమయం వచ్చింది. దోషులెవరో కూడా నాకు తెలుసు. వాళ్లలో ఒకావిడ నాకు జొన్నరొట్టె పెట్టింది. అయినా సరే, మొహమాటపడను.

స్వీడన్‌లో 'అందరి హక్కు' అని ఒక పద్ధతి ఉంది. భూమి ఎవరిదైనా సరే, ఇళ్లకు దూరంగా, పంటకు నష్టం లేకుండా, ఒక రాత్రి గుడారం వేసుకుని పడుకోవచ్చు. స్కాట్లాండ్ వాళ్లు 2003లో ఏకంగా చట్టమే చేసుకున్నారు. ఇవన్నీ యూట్యూబ్‌లో చూసి ఉత్తేజం పొంది, డిసెంబరులో ఒక శనివారం 68,000 రూపాయల సైకిలు మీద రెండు కిలోల టెంటు కట్టుకుని, 'సోలో' అని స్టేటస్ పెట్టి, అనంతగిరి కొండలకు బయల్దేరాను. సుమారు 70 కిలోమీటర్లు.

మొదట అంతా సవ్యంగానే ఉంది. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో ప్రారంభించిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది కదా, పైన సోలార్ పలకల కప్పుతో. అక్కడ ఎండ తగలదు, వాన తగలదు, నేను వెళ్లిన వేళ మనిషి కూడా తగల్లేదు. ఇప్పుడు ఆలోచిస్తే టెంటు అక్కడే వేయాల్సింది. పోలీస్ అకాడమీ జంక్షన్‌తో ఆ కప్పు అయిపోతుంది, దేశం మొదలవుతుంది.

అక్కడినుంచి బీజాపూర్ రోడ్డు. రెండు వైపులా పెద్ద పెద్ద మర్రిచెట్లు. రోడ్డు వెడల్పు కోసం వీటిని కొట్టేయాలా వద్దా అని ఏళ్ల తరబడి కేసు నడిచింది. ఆ నీడలో ప్రకృతితో మమేకం అవుదామని ఆగానో లేదో, విచారణ మొదలైంది.

"యాడికి?"

"అనంతగిరికి."

"సైకిల్ మీదనా? బండి ఖరాబైందా?"

ఈ ప్రశ్నకు ఆ రోజు ఎన్నిసార్లు జవాబు చెప్పానో లెక్కలేదు. చేవెళ్ల బస్టాపులో కూర్చున్న ఒక అవ్వ మాత్రం అడగకుండానే తీర్పిచ్చింది. "మాకు బస్సు ఫిరీ బిడ్డా. మొగోళ్లకు లేకపాయె. ఏం జేస్తవ్, తొక్కు." పర్యావరణం, ఆరోగ్యం, ఆత్మశోధన అని నేను సిద్ధం చేసుకున్న మూడు కారణాలూ ఆవిడ జాలి ముందు నిలవలేదు.

ఆ తర్వాత తుమ్మ ముల్లు దిగింది. కొత్త ట్యూబ్ ఉంది. పంపు మాత్రం ఇంట్లో బీరువాలో, దాని అట్టపెట్టెలోనే, భద్రంగా ఉంది. పంచరు షాపుకు నెట్టుకెళ్తే కంప్రెషర్ మూతి నా సైకిల్ వాల్వుకు పట్టదు. మన స్కూటర్ల వాల్వు లావుది, నాది సన్నటి విదేశీ రకం. పంచరు వేసే కుర్రాడు దాన్ని కాసేపు చూసి, వాల్వు మీదున్న ప్లాస్టిక్ టోపీ కొనను బ్లేడుతో కోసి, తిరగేసి బిగించి, దాని మీదినుంచే గాలి కొట్టాడు. రెండు నిమిషాలు. నేను ఇంజనీరునన్న సంగతి అక్కడ బయటపెట్టలేదు.

"ఎంతకు కొన్నరు సార్?"

భయపడి "పద్దెనిమిది వేలు" అన్నాను.

సైకిల్‌ను ముందు నుంచి వెనక దాకా చూశాడు. "పద్దెనిమిది వేలకు స్టాండు గుడ ఇయ్యలేదా? బెల్లు? క్యారేజీ?" ఏదీ లేదు. పాపం, సార్ మోసపోయారని పక్క కొట్టువాళ్లకు కూడా చెప్పాడు.

సాయంత్రానికి అనంతగిరి చేరాను. హైదరాబాద్‌లో మనం ముక్కు మూసుకుని దాటే మూసీ ఇక్కడే పుడుతుంది. పుట్టినప్పుడు ఏ నదైనా బాగానే ఉంటుంది, ఆ తర్వాతే పట్నం వస్తుంది. అడవి మాత్రం రిజర్వు ఫారెస్టు, అనుమతి లేకుండా రాత్రి ఉండటానికి లేదు. అందుకని కిందికి దిగి, చీకటి పడ్డాక, ఒక కంది చేను వెనక గట్టు మీద, ఆకుపచ్చ టెంటు, ఎవరి కంటా పడకుండా వేశాను.

పావుగంటలో టార్చి లైటు పడింది.

"ఎవరది? ఇంట్ల లొల్లి పెట్టుకున్నవా?"

లేదన్నాను. రైతు నమ్మలేదు. ఇంటికి ఫోన్ చేశాడు. భార్య రొట్టె, పచ్చడి తెచ్చింది, వెంట తమ్ముడు, తమ్ముడి వెంట ఇంకో ఆరుగురు. సైకిల్ హ్యాండిల్ మీద మెరుస్తున్న జీపీఎస్ చూసి, ఒక పెద్దమనిషి గొంతు తగ్గించి అడిగాడు. "కొత్త రింగు రోడ్డు సర్వేకు అచ్చినవా? నిజం జెప్పు, మా భూమి పోతదా?" కాదంటే, "అయితే ప్లాట్లకా?" పట్నం నుంచి వచ్చినవాడు భూమి కోసం కాక ఊరికే వచ్చాడంటే వాళ్లెలా నమ్ముతారు? ఇన్నేళ్లుగా అక్కడికి ఎవరూ ఊరికే వచ్చి ఉండరు.

మన దగ్గరా 'అందరి హక్కు' ఉంది. స్వీడన్‌లో అది భూమి మీద ఉంటుంది, ఇక్కడ మనిషి మీద ఉంటుంది. తేడా అంతే.

పోతూ పోతూ రైతు ఒక మాట చెప్పాడు. "పక్క చేనాయన పందులకు కరెంటు తీగ పెట్టిండని అనుమానం. అటు పోకు." ఆ రాత్రి నేను ఎటూ పోలేదు. పల్లి చేనులో అడవి పందుల్ని బెదిరించే మైకు "హోయ్! హే! హోయ్!" అని తెల్లవార్లూ అరుస్తూనే ఉంది. నాలాగే పందులు కూడా మెలకువగా ఉండి వినుంటాయి.

నాలుగున్నరకు రైతు మళ్లీ వచ్చాడు, నేను బతికే ఉన్నానా అని. టెంటు జిప్పు రెండుసార్లు తీసి వేసి చూశాడు. "దోమలు రావా లోపలికి? కావలికి మస్తుంటది." జర సేపు చూస్తనని లోపల నడుం వాల్చాడు. ఐదు నిమిషాల్లో గురక.

నేను బయట, ఆయన కర్ర పట్టుకుని, పల్లి చేనుకు కాపలా ఉన్నాను. చుట్టూ మంచు. మనిషన్నవాడు లేడు. కాసేపటికి బాట మీద బెల్లు మోగింది. క్యారేజీకి రెండు పాల క్యాన్లు కట్టుకుని ఒకాయన నిదానంగా తొక్కుకుంటూ వస్తున్నాడు.

"యాడికి?" అన్నాను.

"పాల కేంద్రానికి."

"సైకిల్ మీదనా?"