పింగాణీ పుట్టినతేదీ

చీనా పింగాణీ వయసు కనుక్కోవడం మహా తేలిక. గిన్నెను బోర్లిస్తే అడుగున నీలిరంగులో ఆరు అక్షరాలుంటాయి. పైనుంచి కిందికి, కుడినుంచి ఎడమకు చదువుకోవాలి. 'మహా మింగ్ వంశపు చెంగ్‌హ్వా ఏలుబడిలో తయారైనది' అని ఉంటే అది 1465–1487 మధ్య పుట్టిందన్నమాట. అన్నమాటే, ఉన్నమాట కాదు.

బళ్లో చేర్చే రోజున మాష్టారు మనకు వేసిన పుట్టినతేదీ లాంటిదే ఇదీను. ఆ పేరు మోస్తున్న పింగాణీలో బోలెడంత, చెంగ్‌హ్వా పోయిన రెండు వందల ఏళ్లకు, కాంగ్షీ చక్రవర్తి కాలంలో, పింగాణీకి పేరుమోసిన జింగ్‌దెజెన్ ఊరి బట్టీల్లోంచి దిగింది. దీన్ని మోసం అనకూడదు, పెద్దల మీద భక్తి అనాలి. తాత పేరు మనవడికి పెట్టుకోమా? కాకపోతే ఈ మనవడు తాతగారి పింఛను కూడా తీసుకుంటున్నాడు, అంతే.

మరి కాంగ్షీ సొంత పేరు ఏమైంది? 1677లో జింగ్‌దెజెన్ అధికారి ఒకాయన ఏలినవారి పేరు పింగాణీ మీద రాయొద్దన్నాడు. గిన్నె పగిలితే పెంకులతోపాటు ప్రభువుల పేరూ పెంటకుప్ప పాలవుతుందని ఆయన బెంగ. కుమ్మరులు చిత్తం అన్నారు. రెండు నీలి వలయాలు గీసి మధ్యలో ఖాళీ వదిలేశారు, లేదంటే ఓ ఆకు బొమ్మ వేశారు, అదీ కాకుంటే చచ్చిపోయిన చక్రవర్తి పేరు రాశారు. పెంటకుప్పలో పడితే అడగడానికి ఆయన రాడు కదా!

మింగ్ వంశంలోనే షూయెన్‌దె చక్రవర్తి కాలం (1426–1435) ముద్రలది ఇంకో తమాషా. ఆ పేరులోని 'దె' అక్షరానికి మామూలుగా ఉండే ఓ చిన్న అడ్డగీత అసలు సరుకు మీద ఉండదు. తర్వాతి రోజుల్లో నకళ్లు తీసినవాళ్లలో కొందరు చక్కగా చదువుకున్నవాళ్లు కావడంతో గీత పెట్టి మరీ దొరికిపోయారు. అక్షరదోషం లేనివాడే దొంగగా తేలే శాస్త్రం లోకంలో ఇదొక్కటే అనుకుంటాను. ఈ గుట్టు తెలిశాక ఏ నకలుగాడు మాత్రం ఆ గీత గీస్తాడు?

చక్రవర్తుల వల్ల కాని పని చివరికి అమెరికా సుంకం గుమాస్తాల వల్ల అయింది. అక్కడ దిగే సరుకు మీద దేశం పేరు ఇంగ్లిషులో ఉండాలని 1890లో చట్టం తెచ్చారు. ఆ తర్వాత గిన్నెల అడుగున 'చైనా' అన్న ఒక్క నిజం చోటుచేసుకుంది. అచ్చమైన నిజం కనక దాన్ని అరగదీసి పాత సరుకని అమ్మేవాళ్లూ తయారయ్యారు.

అందుకే తెలిసినవాళ్లు ముద్రను ఆఖరున చూస్తారు. ముందు అడుగు అంచు తడుముతారు, బరువు చూస్తారు, పైనున్న మెరుపు పూతలోని బుడగలు చూస్తారు.

2014లో హాంకాంగ్ వేలంలో చెంగ్‌హ్వా నాటి కోడిబొమ్మ కప్పు ఒకటి 28 కోట్ల 12 లక్షల హాంకాంగ్ డాలర్లకు పోయింది. దాని అడుగునా అవే ఆరు అక్షరాలు. కొన్న షాంఘై ఆసామి అందులో టీ పోసుకుని తాగాడు. నలుగురూ నోరెళ్లబెట్టారు గానీ, నాకు ఆయన తెలివైనవాడనే అనిపించింది. కప్పులో టీ ఉన్నంతసేపు బోర్లించి చూపించమని ఎవరడుగుతారు?