ఆమెను కాదు, కేస్ షీట్‌ను అడగండి

నెల తక్కువ బిడ్డ పుట్టిందనగానే ఇంట్లోనూ ఆస్పత్రిలోనూ మొదట వినిపించేది ఒకటే ప్రశ్న: ‘ఏం చేశావమ్మా? బరువులెత్తావా?’ లోపల బిడ్డ ఊపిరి కోసం పెనుగులాడుతుంటే, బయట పచ్చి బాలింత సంజాయిషీ చెప్పుకుంటోంది. ఇది క్రూరత్వం. పైగా వైద్యపరంగా తప్పు.

37 వారాలు నిండకముందే పుట్టిన పిల్లలు 2020లో ప్రపంచమంతటా 1.34 కోట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంటే దాదాపు పదిమందిలో ఒకరు. చాలా కాన్పుల్లో కారణం అంతుచిక్కదని వైద్యులు చెప్పేది నిజమే. మరి అంతుచిక్కిన కారణాల సంగతేమిటి?

మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా మంట, జ్వరం ఉండకపోవచ్చు. వదిలేస్తే కిడ్నీలకు పాకుతుంది, నొప్పులు ముందే వచ్చే ముప్పు పెరుగుతుంది. తొలి నెలల్లో మూత్రం కల్చర్ (మూత్రంలోని క్రిములను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) చేయిస్తే దొరుకుతుంది, వారం రోజుల యాంటీబయాటిక్స్‌తో పోతుంది. లక్షణమే కనిపించని జబ్బుకు తల్లిని ఎలా తప్పుపడతారు? బీపీ కూడా అంతే. 140/90 దాటినా ఆమెకు తెలియకపోవచ్చు. వెళ్లిన ప్రతిసారీ బీపీ కొలిచి, మూత్రంలో ప్రొటీన్ చూడాల్సింది ఆస్పత్రి. ముదిరాక బయటపడితే తల్లి ప్రాణం కోసం ముందే కాన్పు చేయక తప్పదు. ఇలా బీపీ ముదిరే ముప్పు ఎక్కువున్నవారికి రోజూ 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇవ్వాలి, అదీ వీలైతే 20 వారాల లోపే మొదలుపెట్టాలి. మొదటి చెకప్పే ఆరో నెలలో జరిగితే ఆ అదును దాటిపోయినట్టే. ఎందుకు ఆలస్యమైంది? సెలవు దొరకలేదు, చేతిలో డబ్బు లేదు, తోడు వచ్చేవారు లేరు. ఇందులో ఏది ఆమె తప్పు?

మిగతావీ చూడండి. గంటల తరబడి నిలబడే పని, రాత్రి షిఫ్టులు, పక్కవాళ్ల సిగరెట్ పొగ, ఇంట్లో దెబ్బలు, తిండి చాలక వచ్చిన రక్తహీనత: ఇవన్నీ నెల తక్కువ కాన్పు ముప్పుతో ముడిపడినవే. ప్రసవానికీ మళ్లీ గర్భానికీ మధ్య కనీసం 24 నెలల ఎడం ఉండాలంటారు. ఆ మాట ఆమె ఒక్కదానికే చెబితే సరిపోతుందా?

నింద వల్ల ఇంకో కీడూ ఉంది. ఒకసారి ముందే కాన్పయిన తల్లికి మళ్లీ అలా జరిగే ముప్పు ఎక్కువ. ఆ సంగతి తెలిస్తే వైద్యులు 16 నుంచి 24 వారాల మధ్య స్కాన్ తీసి గర్భాశయ ముఖద్వారం పొడవు కొలుస్తారు. 25 మిల్లీమీటర్లకు తగ్గితే గర్భాన్ని నిలబెట్టే ప్రొజెస్టిరాన్ హార్మోన్ ఇస్తారు, కొందరికి కుట్టు వేస్తారు. మాటలు పడాల్సి వస్తుందని పాత కాన్పు సంగతి ఆమె దాచిపెడితే ఈ దారి మూసుకుపోతుంది.

ప్రశ్నించాలంటే కేస్ షీట్ తెరవండి. మొదటిసారి బీపీ ఏ వారంలో కొలిచారు? కల్చర్‌కు పంపారా? హిమోగ్లోబిన్ తక్కువని తేలాక మందు ఇచ్చి మళ్లీ పరీక్షించారా? ఆ గళ్లు ఖాళీగా వదిలేసినవారికీ, సెలవడిగితే జీతం కోసినవారికీ, చెయ్యి చేసుకున్న మొగుడికీ ఆమెను నిలదీసే హక్కు లేదు.