ఆకిఫ్‌ను ఎవరూ దేశం నుంచి వెళ్లగొట్టలేదు

టర్కీ జాతీయగీతం రాసిన మెహ్మెత్ ఆకిఫ్ ఎర్సోయ్ గురించి తరచూ పంచుకునే మాటలు ఇవి: ఆయన బహుమతి డబ్బు కోసం గీతం రాశాడట, విజ్ఞానశాస్త్రం అంటే గిట్టని ఛాందసుడట, చివరకు టర్కీ గణతంత్ర స్థాపకుడు అతాతుర్క్ ఆయనను దేశం నుంచి బహిష్కరించాడట. మూడూ తప్పే.

ముందు డబ్బు సంగతి. 1920లో, స్వాతంత్ర్య యుద్ధం నడుపుతున్న అంకారా ప్రభుత్వం జాతీయగీతం కోసం 500 లీరాల బహుమతితో పోటీ పెడితే 724 కవితలు వచ్చాయి. వాటిలో ఆకిఫ్‌ది లేదు. లేకపోవడానికి కారణం ఆ బహుమతే. జనం ప్రాణాలొడ్డి పోరాడుతున్న వేళ పాటకు పైకం పుచ్చుకోవడం ఆయనకు మనస్కరించలేదు. వచ్చినవేవీ నచ్చక విద్యామంత్రి హమ్దుల్లా సుప్హీ స్వయంగా ఉత్తరం రాసి బతిమాలాక కలం పట్టారు. 1921 మార్చి 12న పార్లమెంటు ఆ గీతాన్ని ఆమోదించింది. ఆ 500 లీరాలూ పేద స్త్రీలకు, పిల్లలకు పని నేర్పే సంస్థకు వెళ్లాయి. అప్పుడు అంకారా చలికి ఆయనకు సొంత ఓవర్‌కోటు కూడా లేదని మిత్రులు చెప్పుకున్నారు. గీతం జాతి సొత్తంటూ తన కవితల సంపుటి 'సఫహాత్'లోనూ దాన్ని చేర్చలేదు. ఇలాంటి మనిషికి ధనాశ అంటగడతారా?

ఇక శాస్త్రద్వేషి అన్న మాట. 1893లో పశువైద్య విద్యలో ప్రథముడిగా నెగ్గి, దాదాపు ఇరవై ఏళ్లు ప్రభుత్వ పశువైద్యుడిగా బాల్కన్ ప్రాంతం నుంచి అరేబియా దాకా తిరిగినవాడాయన. పాశ్చాత్యుల విద్యను, పరిశ్రమను అందుకోండి, శక్తికొద్దీ వేగంగా పనిచేయండి అని 1912 నాటి కావ్యంలోనే ఒక పాత్ర నోట చెప్పించారు. భక్తుడే, సందేహం లేదు. కానీ ఆ భక్తి ఆయన కళ్లు మూయలేదు. 'క్యూఫె' కవితలో తండ్రి పోయాక అతని కూలిగంపను మోయాల్సి వచ్చిన పిల్లవాడు ఆ గంపను కసిగా తంతాడు. తర్వాత ఒకరోజు బడి వదిలి కేరింతలు కొడుతూ వస్తున్న పిల్లల పక్కనుంచే బరువు మోసుకుంటూ వెళతాడు. చదువు విలువ తెలియనివాడు రాయగల కవితేనా అది?

బహిష్కరణ మాటలో మాత్రం కాస్త నిజం కలిసి ఉంది కనుకే అది తేలిగ్గా చెల్లుబాటవుతోంది. ఆకిఫ్‌పై ఏ న్యాయస్థానమూ తీర్పు చెప్పలేదు. స్వాతంత్ర్య పోరాటానికి వ్యతిరేకులన్న ముద్రతో 1924లో దేశం వదలాల్సి వచ్చిన 150 మంది జాబితాలో ఆయన పేరు లేదు. ఈజిప్టు రాజకుటుంబీకుడు అబ్బాస్ హలీం పాషా ఆహ్వానంపై 1923 నుంచి చలికాలాలు ఈజిప్టులో గడిపి, 1925లో అక్కడే స్థిరపడ్డారు. ఆ ఏడాదే ఆయన రాస్తూ వచ్చిన 'సెబీలుర్రెషాద్' పత్రికను మూయించారు. పోలీసులు వెంట తిరగడం ఆయనను లోలోపల కోసేసింది. అంటే ఊపిరి సలపక వెళ్లారు. అయితే అదే 1925లో ఖురాన్‌ను టర్కిష్‌లోకి అనువదించే పనిని ప్రభుత్వ మతవ్యవహారాల శాఖ అప్పగించింది ఎవరికి? ఆకిఫ్‌కే. తన అనువాదాన్ని నమాజులో అరబ్బీ మూలానికి బదులు వాడతారన్న భయంతో ఆ ఒప్పందం నుంచి తప్పుకున్నది కూడా ఆయనే. 1936లో జబ్బుతో ఇస్తాంబుల్ తిరిగి వస్తే ఎవరూ అడ్డుకోలేదు. ఆ డిసెంబరు 27న కన్నుమూసినప్పుడు ప్రభుత్వ లాంఛనాలు జరగలేదు, శవపేటికను విద్యార్థులే భుజాలపై మోశారు. రాజ్యాన్ని తప్పుపట్టాలంటే ఈ నిరాదరణకే తప్పుపట్టాలి.