వియ్యంకుల దిద్దుబాట్లు

ఉద్యోగ విరమణ తరువాత పొద్దుపోక పాలవాడి పద్దు మొదలు పక్కింటి కరెంటు బిల్లు దాకా తనిఖీ చేస్తున్న మా మామయ్యకు, తెలుగు వికీపీడియాలో దిద్దుబాట్లు చేయడం నేర్పమని అత్తయ్య నాకు పురమాయించింది. వాళ్ళది తిరుపతిలో బైరాగిపట్టెడ. 2003 డిసెంబరులో మొదలైన ఈ విజ్ఞాన సర్వస్వాన్ని ఎవరైనా సవరించవచ్చని చెప్పగానే, "అయితే మా చిత్తూరు వియ్యంకుడు గూడా దిద్దొచ్చునా నాయనా?" అని అడిగారు. ఊరికే అడిగిన ప్రశ్న కాదది.

ముందు ప్రయోగశాలలో, అంటే కొత్తవాళ్ళు రాసి చూసుకునే పేజీలో, సాధన చేయమంటే, ముప్పొద్దులా నోట్ ఫైళ్ళు రాసిన చేతికి సాధన దేనికని నేరుగా చంద్రగిరి వ్యాసంలోకి దిగారు. అక్కడ తిరుపతి జిల్లా అని ఉండవలసిన చోట చిత్తూరు జిల్లా అని ఉంది. ఎవరు ఏం మార్చారో నమోదయ్యే చరిత్ర పేజీ తెరిస్తే ఆ మార్పు పక్కన వియ్యంకుడుగారి పేరు ఇంటిపేరుతో సహా కనిపించింది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడి చంద్రగిరి అందులో చేరిన సంగతి లోకమంతా ఎరుగును. ఆయన మాత్రం విజయనగర రాజులు ఏలిన కోటను పక్క జిల్లాకు ధారపోయడానికి మనసొప్పక, తన పదో తరగతి సర్టిఫికెట్టునే మూలంగా చూపించారు. ప్రచురితమై, పదిమందీ సరిచూసుకోగలిగినదే మూలమవుతుందన్న నియమం ఆయనకు పట్టలేదు.

మామయ్య జిల్లా పేరు సరిచేశారు. అంతవరకు న్యాయం ఆయన పక్షమే. అయితే ప్రచురించే ముందు కనిపించే, చేసిన మార్పేమిటో నలుగురికీ చెప్పే 'దిద్దుబాటు సారాంశం' గడిని, ఫైలు అంచున పెన్సిలుతో గిలికే గుట్టుమాటకు ఉద్దేశించిన చోటుగా భావించి, "మా వియ్యంకుడికి మతి తప్పింది" అని రాసి మీట నొక్కారు. సారాంశం ఒకసారి నమోదయ్యాక రాసినవారు కూడా దానిని మార్చలేరు. వ్యాసాన్ని ఎన్నిసార్లు వెనక్కి తిప్పినా అది తేదీతో, సమయంతో, వాడుకరి పేరుతో చరిత్రలో అలాగే ఉంటుంది. దాన్ని మరుగుపరచే అధికారం నిర్వాహకులకు ఉంటుందని చెప్పాను.

తక్షణమే ఆయన ఆ వ్యాసపు చర్చాపేజీలో "గౌరవనీయులైన నిర్వాహకుల దివ్యసముఖమునకు" అంటూ అర్జీ మొదలుపెట్టి, మరుగుపరచవలసిన వాక్యమేదో వారు వెతుక్కునే శ్రమ లేకుండా దానిని పొల్లుపోకుండా ఎత్తిరాసి, కింద నాలుగు టిల్డేలతో (~~~~) సంతకం కూడా చేశారు. చంద్రగిరి వ్యాసం, అందులోనూ దాని చర్చాపేజీలోనూ జరిగే మార్పులను చూపే వియ్యంకుడుగారి వీక్షణ జాబితాలో ఉంది. చర్చాపేజీని కూడా ఎవరైనా సవరించవచ్చు కనుక, ఆ రాత్రే ఆయన అర్జీలోని "వియ్యంకుడికి" అన్న మాటను "వియ్యంకుడుగారికి" అని దిద్ది, 'ఇది చిన్న మార్పు' అన్న గడిలో టిక్కు పెట్టి ప్రచురించారు.