సవరణ: నిశ్చితార్థమైన జంటకు హద్దులు

నిశ్చితార్థమైనవారు పెళ్లిదాకా చేయి కూడా పట్టుకోరాదని బైబిలు వాక్యమే ఆజ్ఞాపిస్తోందన్న మునుపటి టపాలోని మాటను తొలగించి, దాని స్థానంలో ఈ వివరణను చదువుకోవాలని మనవి. అక్కడ ఆధారంగా చూపిన మొదటి కొరింథీయులు 7:1 (“స్త్రీని ముట్టకుండుట పురుషునికి మేలు”), కొరింథులోని క్రైస్తవ సంఘం వ్రాసి పంపిన విషయాలకు అపొస్తలుడైన పౌలు ఇచ్చిన జవాబులో భాగం. మరుసటి వచనంలోనే ఆయన వివాహాన్ని సమర్థిస్తాడు. జారత్వానికి దూరంగా ఉండాలన్న మొదటి థెస్సలొనీకయులు 4:3లో సందిగ్ధమేమీ లేదు గాని, పెళ్లికి ముందు చేయి పట్టుకోవడంపై లేఖనంలో ప్రత్యేక నియమం లేదు. కథోలిక సంఘపు అధికారిక బోధనల గ్రంథమైన కథోలిక సత్యోపదేశం 2350వ పేరా కూడా దాంపత్యానికే చెందిన ప్రేమ వ్యక్తీకరణలను పెళ్లిదాకా ఆపుకోవాలంటుందే గాని చేతుల ప్రస్తావన తేదు. అయితే నిశ్చితార్థం ఎవరికీ ఎదుటివారి శరీరంపై హక్కునివ్వదు గనుక, అమ్మాయి వద్దంటే అబ్బాయి ఆగవలసిందే.