వేళ్లు మొద్దుబారితే కూలి పోతుంది

పలాస, కాశీబుగ్గ జీడి పరిశ్రమల్లో పప్పు మీది పొట్టు తీసేది ఎక్కువగా ఆడవాళ్లే. కంటికన్నా వేలికొసకే ఎక్కువ పనున్న కొలువది. గుండు (విరగని నిండు పప్పు) విరిగి బద్దయిందా, ధర పడిపోతుంది. రొమ్ము క్యాన్సర్‌కు కీమో చేయించుకుని వచ్చి మళ్లీ ఆ పీట మీద కూర్చున్న మనిషికి, పప్పు చేతిలో ఉందో జారిందో తెలియకపోతే? ఇంట్లో జాకెట్టు హుక్కు పడదు. వీధిలో చెప్పు ఊడిపోయిందని వెనకొచ్చేవాళ్లు చెప్పాలి. ‘ప్రాణం దక్కింది కదా, తిమ్మిరిదేముంది’ అంటారు ఇంటిల్లిపాదీ. ఆస్పత్రుల్లోనూ అదే మాట వినబడటం మాకు మింగుడుపడటం లేదు.

ఈ తిమ్మిరి నీరసం కాదు, అనుమానమూ కాదు. ప్యాక్లిటాక్సెల్, సిస్‌ప్లాటిన్, ఆక్సాలిప్లాటిన్, విన్‌క్రిస్టిన్ లాంటి కీమో మందులు నరాలనూ దెబ్బతీస్తాయి. పొడవాటి నరాలకే ముందు దెబ్బ; అందుకే కాలివేళ్లు, చేతివేళ్లతో మొదలవుతుంది. కొందరికి తిమ్మిరి, కొందరికి మంట. విన్‌క్రిస్టిన్ మన పెరట్లో పూసే బిళ్లగన్నేరు నుంచి వచ్చిందే, పిల్లల రక్తక్యాన్సర్‌లో ఎన్నో ప్రాణాలు నిలిపింది (అలాగని ఆకులు నమిలేరు, ఆ మొక్క విషం). ఆక్సాలిప్లాటిన్ తీరు వేరు: ఎక్కించాక కొన్నాళ్లు చన్నీళ్లు ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటాయి, తాగితే గొంతు పట్టేసినట్టవుతుంది. ముందే చెబితే గోరువెచ్చని నీళ్లు తాగుతారు. చెప్పకపోతే హడలిపోతారు. సిస్‌ప్లాటిన్, ఆక్సాలిప్లాటిన్‌లతో ఇంకో పేచీ, చికిత్స అయిపోయాక కూడా కొన్ని నెలలపాటు తిమ్మిరి పెరగొచ్చు. అప్పటికి రోగి విశాఖ వదిలి ఊరు చేరి ఉంటుంది.

ఊళ్లో దొరికేవి ‘నరాల బలానికి’ సూదులు, బిళ్లలు. కీమో దెబ్బకు అవి పనిచేస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. వాటిలో తరచూ ఉండే బీ6 విటమిన్ మోతాదు మించితే అదే నరాలను పాడుచేస్తుంది. నొప్పికి కాస్తో కూస్తో ఊరటనిచ్చేది డులోక్సెటిన్ అనే మందు. అదీ అందరికీ కాదు. రాకుండా ఆపే మందంటూ ఇంకా తేలలేదు. మొదట్లోనే పసిగట్టి మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో డాక్టరు చేయాలి. షుగరున్నవాళ్లకు ముప్పు మరీ ఎక్కువ.

చిక్కంతా రోగి నోరు విప్పకపోవడంలో ఉంది. చెబితే కీమో ఆపేస్తారని భయం. కనక అడగాల్సింది ఆస్పత్రివాళ్లే. ‘తిమ్మిరుందా’ అంటే ‘లేదు బాబూ’ అనేస్తారు. ‘హుక్కు పడుతోందా అమ్మా, చెప్పు కాలికి నిలుస్తోందా, వేడి గిన్నె చేతికి తెలుస్తోందా’ అని ప్రతి సైకిల్‌కు (ఒక్కో విడత కీమోకు) ముందూ అడగాలి.

బీపీ, షుగరు చూడటానికి ఇంటింటికీ వచ్చే ఏఎన్‌ఎంల చేత కూడా ఈ మూడు ప్రశ్నలూ అడిగించాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం. డాక్టరు రాసిన మందు, తూలే నడకను సరిదిద్దే ఫిజియోథెరపీ పలాస, టెక్కలి ఆస్పత్రుల్లోనే అందాలి. మొద్దుబారిన కాళ్లతో బస్సు మెట్లెక్కి విశాఖ దాకా వెళ్లి అడుక్కోవాల్సినంత పెద్ద సాయమేం కాదది.